నల్లగొండ, పాలమూరు ఇళ్లలో హెడ్జ్‌హాగ్: సమస్యలు - పరిష్కారాలు

ఒంటి మీద ముళ్లుండే చిన్న జంతువు హెడ్జ్‌హాగ్. మన వైపు దీన్ని పెంచేవాళ్లు తక్కువ. దానికేదైనా అయితే అడగడానికి పక్కింట్లో ఎవరూ ఉండరు. అందుకే ఈ వివరాలు రాస్తున్నాను. ఇళ్లలో పెంచేది ఆఫ్రికా నుంచి వచ్చిన చిన్న రకం. పెద్దయ్యాక 300 నుంచి 600 గ్రాములు తూగుతుంది. నల్లమల ఏదుపంది వేరే జంతువు. మన దేశపు హెడ్జ్‌హాగ్ ఎప్పుడైనా చేను గట్టు మీద కనిపిస్తే ఇంటికి తేకండి, అక్కడే వదిలేయండి.

ఏ లక్షణం కనిపించినా ముందు కేజ్ పక్కన థర్మామీటర్ చూడండి. దీనికి సరిపడేది 24 నుంచి 29 డిగ్రీలు. సగం సమస్యలు ఈ లెక్క తప్పినప్పుడే మొదలవుతాయి. మన దగ్గర మే నెలలో 43, 44 డిగ్రీలు కొడుతుంది. డిసెంబర్, జనవరి రాత్రుల్లో పాలమూరు పల్లెల్లో 15 కంటే కిందికి దిగుతుంది. ఈ జంతువుకు ఆ రెండూ ప్రమాదమే.

కాళ్లు చాపి బోర్లా పడుకుంది, నోరు తెరిచి రొప్పుతోంది

ఇది వడదెబ్బ లక్షణం. చొంగ కారుతున్నా, పట్టుకుంటే ఒళ్లు వేలాడిపోతున్నా క్షణం ఆలస్యం చేయొద్దు. నీడగా, చల్లగా ఉన్న గదిలోకి మార్చండి. మామూలు నీళ్లలో తడిపిన బట్టతో పాదాలు, పొట్ట అద్దండి. ఐసు నీళ్లు వాడకండి, ఒక్కసారిగా చల్లబరిస్తే ప్రాణానికే ముప్పు. నీళ్లు ముందు పెట్టండి, తాగితే తాగుతుంది. నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కొంచెం తేరుకున్నా అదే రోజు డాక్టర్‌కు చూపించాలి.

కారణం చాలాసార్లు గదే. రేకుల ఇల్లు, పై అంతస్తు స్లాబ్ కింది గది, పడమటి కిటికీ పక్క చోటు, ఈ మూడింట్లో ఎక్కడా వేసవిలో కేజ్ పెట్టకూడదు. ఫ్యాన్ తిరుగుతోంది కదా అని ధైర్యపడొద్దు. గదిలో 40 డిగ్రీలు ఉంటే ఫ్యాన్ ఆ వేడిగాలినే తిప్పుతుంది. కూలర్ పెడితే గాలి నేరుగా కేజ్ మీదికి కొట్టకుండా చూడండి. కూలర్ తేమకు కింద వేసిన బట్టలు తడిగా ఉండిపోయి చర్మానికి ఫంగస్ పడుతుంది. రోజూ మార్చాలి.

ఖర్చు లేని ఉపాయం ఒకటుంది. ఇంటి పనిలో మిగిలిన షాబాదు బండ ముక్క కడిగి కేజ్‌లో ఒక మూల పెట్టండి. వేడనిపిస్తే అదే వెళ్లి దాని మీద పడుకుంటుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ రోజుల్లో బండ ఒక్కటే చాలదు. నీళ్ల సీసా గడ్డకట్టించి, మందపాటి టవల్‌లో చుట్టి కేజ్ బయట ఆనించి పెట్టండి. మధ్యాహ్నం కరెంటు పోయే ఊళ్లో అయితే ఇలాంటి సీసాలు రెండు ఎప్పుడూ ఫ్రీజర్‌లో ఉండాలి.

ముడుచుకుని కదలట్లేదు, పొట్ట చల్లగా ఉంది, నడిస్తే తూలుతోంది

చలికి శరీరం నిద్రావస్థలోకి జారిపోతోందని అర్థం. చల్లటి దేశాల అడవి హెడ్జ్‌హాగ్‌లు శీతాకాలమంతా నిద్రపోతాయి, కానీ ఈ ఆఫ్రికా రకం ఆ నిద్రను తట్టుకోలేదు. ‘పడుకుందిలే’ అని వదిలేస్తే చనిపోవచ్చు.

చొక్కా లోపల మీ పొట్టకు ఆనించి పెట్టుకోండి. గోరువెచ్చని నీళ్ల సీసాకు బట్ట చుట్టి పక్కన పెట్టండి. మెల్లగా వెచ్చబడాలి. వేడి నీళ్ల స్నానం, హెయిర్ డ్రయ్యర్, ఎర్రగా కాలే కాయిల్ హీటర్ ముందు పెట్టడం లాంటివి చేయకండి. గంటలో కదలిక రాకపోతే వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. తేరుకున్నా ఆ రాత్రి నుంచే వేడి ఏర్పాటు చేయండి, ఎందుకంటే ఒకసారి ఇలా జరిగినదానికి మళ్లీ జరిగే అవకాశం ఎక్కువ. వెలుతురు లేకుండా వేడి మాత్రమే ఇచ్చే సిరామిక్ బల్బు, దాని వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ మంచి మార్గం. పగలు 12 గంటలకు తగ్గకుండా వెలుగు కూడా అందాలి.

ఒళ్లు వెచ్చగా ఉండి కూడా వెనక కాళ్లు తూలుతుంటే అది వేరే సంగతి. వాబ్లీ హెడ్జ్‌హాగ్ సిండ్రోమ్ అనే నరాల జబ్బు ఎక్కువగా రెండేళ్ల లోపు వయసులో బయటపడుతుంది. దానికి మందు లేదు. చెవిలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా, వెన్నుకు దెబ్బ తగిలినా ఇలాగే తూలుతుంది కాబట్టి డాక్టర్ చూడకుండా నిర్ణయానికి రావొద్దు.

ముళ్లు రాలిపోతున్నాయి, గోక్కుంటోంది

వయసు ఆరు వారాలకు, ఆరు నెలలకు మధ్య ఉండి, రాలిన చోట కొత్త ముళ్లు మొలుస్తుంటే కంగారు లేదు. పాల పళ్లు ఊడినట్టే అది. ఆ రోజుల్లో చిరాగ్గా ఉంటుంది, తక్కువగా పట్టుకోండి.

పెద్దదానికి ముళ్లు ఊడుతూ, మొదళ్ల దగ్గర తెల్లగా పొట్టు రాలుతుంటే చర్మపు పురుగు అనుకోవాలి. చెవుల అంచులు పెళుసుబారి గుండ్రంగా మచ్చలు వస్తే ఫంగస్ కావచ్చు. అది మనుషులకూ తామరలా అంటుతుంది. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగండి, పిల్లల చేత కూడా కడిగించండి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పాలమూరులో గొర్రెలున్న చాలా ఇళ్లలో వాటి పురుగులకు వేసే ఐవర్‌మెక్టిన్ సీసా దొరుకుతుంది. ‘అదే మందు కదా, ఒక చుక్క వేద్దాం’ అని ఎవరో ఒకరు అంటారు. మందు పేరు అదే కావచ్చు, మోతాదులోనే ప్రాణం పోయే తేడా ఉంది. ఒక శాతం ఇంజెక్షన్ గొర్రెకు 50 కిలోల బరువుకు ఒక ఎంఎల్. ఆ లెక్కన 400 గ్రాముల ప్రాణికి ఎంఎల్‌లో నూరో వంతు కూడా రాదు. ఇంట్లో ఉండే ఏ సిరంజీతోనూ అంత తక్కువ కొలవలేం. డాక్టర్ చర్మం గీకి మైక్రోస్కోప్‌లో చూసి, పురుగా ఫంగసా తేల్చి, పలుచన చేసిన మందు ఇస్తారు. వేపనూనె, కిరోసిన్, కుక్కల పౌడర్ కూడా వద్దు. పురుగు తేలితే కేజ్‌లోని బట్టలన్నీ వేడి నీళ్లలో ఉతకాలి.

తినట్లేదు, విరేచనం ఆకుపచ్చగా ఉంది

కొత్త ఇంటికి వచ్చిన మొదటి ఒకటి రెండు రోజులు సరిగా తినకపోవడం మామూలే. మేత ఉన్నట్టుండి మార్చినా, ప్రయాణం చేయించినా విరేచనం ఆకుపచ్చగా వస్తుంది. పాత మేతలో కొత్తది రోజుకు కొంచెం కలుపుతూ వారం పది రోజుల్లో మార్చండి. అలవాటు పడిన జంతువు రోజంతా ఏమీ తినకపోతే మాత్రం ఆగొద్దు. పస్తుంటే కాలేయానికి కొవ్వు పడుతుంది. నల్లటి విరేచనం లోపలి రక్తస్రావానికి గుర్తు, అప్పుడు వెంటనే బయలుదేరండి.

ప్రేమతో మనం పెట్టే పాలు దీనికి అరగవు, పెరుగన్నంలో దీనికి కావాల్సిన బలం లేదు. మాంసకృత్తులు 30 శాతానికి పైగా, కొవ్వు 15 శాతం లోపు ఉన్న క్యాట్ ఫుడ్ అసలు మేత. వారానికి రెండు మూడుసార్లు ఉప్పూ మసాలా లేని ఉడికించిన చికెన్ లేదా గుడ్డు ముక్క పెట్టొచ్చు. ఉల్లి, ద్రాక్ష, చాక్లెట్ విషమే. నల్లగొండలో ప్రతి ఇంట్లో ఉండే బత్తాయి కూడా పెట్టకండి. తొలకరికి లేచే ఉసిళ్లు, పత్తి చేలో దొరికే మిడతలు ఏరి వేయొద్దు, వాటి మీద ఏ మందు కొట్టారో తెలియదు. మునుగోడు, మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు కాకుండా మీరు తాగే నీళ్లే పెట్టండి.

చీమలు పట్టాయని కేజ్ దగ్గర చాక్‌పీసు గీయడం, స్ప్రే కొట్టడం చాలా ప్రమాదం. మేత గిన్నెను నీళ్లున్న పళ్లెంలో పెడితే చాలు. ఆ గదిలో దోమల కాయిల్ కూడా వెలిగించకండి.

నోట్లో నురగ వచ్చింది

పిచ్చి పట్టిందని ఇంట్లో అందరికీ టెన్షన్ వస్తుంది. కొత్త వాసన తగిలితే దాన్ని నమిలి, నురగ చేసి, మెడ తిప్పి ముళ్లకు పూసుకోవడం దీని సహజ అలవాటు. కాసేపట్లో ఆగిపోతుంది. పూసుకోకుండా ఊరికే చొంగ కారుస్తుంటేనే నోటి లోపల పుండో, పంటి జబ్బో చూడాలి.

కుంటుతోంది

పాదాల వేళ్లు ఒక్కొక్కటిగా చూడండి. బట్ట నుంచి ఊడిన దారం, తల వెంట్రుక వేలికి బిగుసుకుని రక్తం ఆగిపోతుంది. పెరిగిన గోళ్లు కూడా వంకర తిరిగి గుచ్చుకుంటాయి. కేజ్‌లో అది పరుగెత్తే చక్రం తీగెలదైతే తీసేసి, అడుగు నిండుగా ఉన్న 28 సెంటీమీటర్లకు తగ్గని చక్రం పెట్టండి.

డాక్టర్ దగ్గరికి

మూత్రంలో రక్తం కనిపిస్తే, ముఖ్యంగా ఆడదానికి, గర్భసంచి గడ్డ కావచ్చు. ఆలస్యం చేయొద్దు. జిల్లా పశువైద్యశాలల్లో డాక్టర్లకు వచ్చే కేసులు ఎక్కువగా గేదెలు, గొర్రెలు. కాబట్టి జబ్బు రాకముందే హైదరాబాద్‌లో చిన్న జంతువులు చూసే డాక్టర్ ఎవరో కనుక్కుని నంబర్ రాసి పెట్టుకోండి. రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఉంది, అక్కడా అడగొచ్చు. నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా దాదాపు వంద కిలోమీటర్లు. వేసవిలో తెల్లవారకముందే బయలుదేరండి. గాలి ఆడే డబ్బాలో, కింద మెత్తటి బట్ట వేసి, దాని మామూలు మేత కొంచెం వెంట పెట్టుకోండి. వారం వారం రాసిన బరువుల కాగితం, ఆ రోజు విరేచనం ఒక చిన్న సీసాలో తీసుకెళ్తే డాక్టర్‌కు సగం పని తేలికవుతుంది.