బిగ్ మ్యాన్ వెళ్లిపోయాడు, ఇంకొకణ్ని తేవాలి: తేడా ఎక్కడ కొడుతుంది?

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ట్రేడ్ డెడ్‌లైన్ (జట్లు ఆటగాళ్లని మార్చుకునే గడువు) దగ్గరపడేకొద్దీ ఏదో ఒక జట్టుకి సెంటర్ కోసం, అంటే రింగ్ దగ్గర ఆడే పొడుగాటి బిగ్ మ్యాన్ కోసం, వెతుకులాట మొదలవుతుంది. 2025లో లాస్ ఏంజెలెస్ లేకర్స్ ఇందులో పడని తిప్పలు లేవు. అందుకే వాళ్ల కేసునే విప్పి చూద్దాం.

సమస్య: అవతలివాళ్ల షాట్ మిస్సయినా బంతి మళ్లీ వాళ్లకే దొరుకుతోంది

2025 ఏప్రిల్ 30, మనకు మే 1 పొద్దున. లేకర్స్‌తో ఐదో ప్లేఆఫ్ మ్యాచ్‌లో మినెసోటా 47 త్రీలు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) వేస్తే పడ్డవి 7. ఇంత ఘోరంగా వేసిన జట్టు మామూలుగా ఓడిపోవాలి. కానీ 103-96తో గెలిచి, సిరీస్‌ని 4-1తో ముగించింది. ఎందుకంటే రింగ్ కింద వాళ్ల సెంటర్ రూడీ గోబేర్ ఉన్నాడు: 27 పాయింట్లు, 24 రీబౌండ్లు (మిస్సయిన షాట్ల బంతిని అందుకోవడం). లేకర్స్‌కి ఉన్న ఏడడుగుల సెంటర్ జాక్సన్ హేస్ మీద కోచ్‌కి నమ్మకం పోయి, ఆ రోజు అసలు దించనే లేదు. అంతకుముందు మ్యాచ్ రెండో సగమంతా అదే ఐదుగురితో లాగించాడు. వాళ్లలో ఒకడైన లెబ్రాన్ జేమ్స్‌కి అప్పటికి నలభై!

కారణం: ఫిబ్రవరి మొదట్లో స్టార్ ఆటగాడు లూకా డాంచిచ్ కోసం తమ బిగ్ మ్యాన్ ఆంథొనీ డేవిస్‌ని డాలస్ జట్టుకి ఇచ్చేశారు. పైకి కనిపించే కారణం ఇదే. కానీ అసలు జబ్బు అంతకంటే పాతది. ఇంకో సెంటర్ కావాలని జనవరిలో డేవిసే బయటికి చెప్పాడు. అంటే ఆయన ఉండగానే ఆ చోటు ఖాళీ.

పరిష్కారం: లూకా పక్కన కావలసింది స్క్రీన్ పెట్టి (అవతలి డిఫెండర్‌కి అడ్డంగా నిలబడి), రింగ్ వైపు దూసుకెళ్లి, పైకి విసిరిన బంతిని గాల్లోనే అందుకుని డంక్ చేసేవాడు. డాలస్‌లో సెంటర్లు లైవ్లీ, గాఫర్డ్ చేసింది ఆ పనే. షార్లెట్ సెంటర్ మార్క్ విలియమ్స్ సరిగ్గా ఆ కోవలోవాడు. వెతికిన మనిషి విషయంలో లేకర్స్ లెక్క తప్పలేదు.

సమస్య: ట్రేడ్ కుదిరింది, ఆటగాడు మాత్రం రాలేదు

డెడ్‌లైన్ ఫిబ్రవరి 6. విలియమ్స్ కోసం రూకీ (తొలి సీజన్ ఆటగాడు) డాల్టన్ నెక్ట్, క్యామ్ రెడ్డిష్, 2031 మొదటి రౌండ్ పిక్ (కొత్త ఆటగాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఒక వంతు), 2030లో పిక్ మార్పిడి ఇస్తామన్నారు. రెండ్రోజులకే, 8న, మెడికల్ పరీక్షలో ఫెయిల్ అంటూ ఒప్పందం రద్దు చేశారు. సామాను సర్దుకున్న నెక్ట్ తిరిగి అదే డ్రెస్సింగ్ రూమ్‌కి వచ్చాడు. పాపం, ఆ అబ్బాయి ముఖం ఎలా ఉండి ఉంటుందో!

కారణం: మెడికల్ పాసయ్యేదాకా ట్రేడ్ ఖాయం కాదు. విలియమ్స్ అంతకుముందు సీజన్‌లో వెన్నునొప్పితో 19 మ్యాచ్‌లే ఆడాడన్న సంగతి అందరికీ తెలిసిందే. నా మటుకు రద్దు చేయడం తప్పు కాదు. రెండో పేరు చేతిలో పెట్టుకోకుండా చివరి గంటల దాకా లాగడమే తప్పు. 8వ తేదీకి ట్రేడ్ల తలుపులు మూసేశారు.

పరిష్కారం: ఇక మిగిలేది పాత జట్టు వదిలేసినవాళ్లే. మార్చి 1 లోపు విడుదల కాకపోతే వాళ్లకి ప్లేఆఫ్స్‌లో ఆడే వీలుండదు. లేకర్స్‌కి అలా దొరికినవాడు అలెక్స్ లెన్. ఉన్న గొయ్యి పూడ్చడానికి అతను చాలలేదు.

సమస్య: మనిషి నచ్చాడు, జీతం కుదరట్లేదు

జీతాల లెక్కలో మొదటి ఏప్రన్ (మొత్తం జీతాల మీద లీగ్ గీసిన ఒక గీత) దాటిన జట్టు, పంపిన జీతం కంటే ఒక్క డాలర్ కూడా ఎక్కువ తెచ్చుకోకూడదు. దీనికి చిట్కా ఏమీ లేదు. మధ్యస్థం జీతాలున్న ఇద్దరు ముగ్గుర్ని ముందే అట్టిపెట్టుకోవాలి.

ఇదే పని చక్కగా చేసిన జట్టు కావాలంటే 2019 టొరంటోని చూడండి. చేతి బొటనవేలి గాయంతో వాళ్ల సెంటర్ వలాంచునాస్ డిసెంబర్ నుంచి బెంచీ మీదున్నాడు. అతన్నే ఇంకో ఇద్దరితో, ఒక రెండో రౌండ్ పిక్‌తో కలిపి మెంఫిస్‌కి పంపి, 34 ఏళ్ల సెంటర్ మార్క్ గసోల్‌ని తెచ్చుకున్నారు. మొదటి రౌండ్ పిక్ ఒక్కటీ పోలేదు. జూన్‌లో టైటిల్ కొట్టారు.

లేకర్స్ చివరికి 2025 జులైలో సెంటర్ డీయాండ్రే ఏటన్‌ని తీసుకున్నారు. పోర్ట్‌లాండ్ అతన్ని వదిలేసింది కాబట్టి ట్రేడ్ అవసరమే పడలేదు. 2018 డ్రాఫ్ట్‌లో లూకా మూడోవాడైతే, ఏటన్ మొదటివాడు.