చిన్న ప్రశ్నపత్రాన్ని పరీక్షించే ముందు

అమలాపురం, రాజోలు వైపు పీహెచ్‌సీ ఓపీలో పీహెచ్‌క్యూ-9 (కుంగుబాటును కొలిచే తొమ్మిది ప్రశ్నలు) లాంటి చిన్న ప్రశ్నపత్రం ఎంత నమ్మదగ్గదో, ఒకే రోగిని రెండుసార్లు అడిగి తేల్చాలనుకుంటే, మొదలుపెట్టే ముందు ఇవి చూసుకోండి.

– ఎథిక్స్ కమిటీ అనుమతి, రోగి సమ్మతి. ఇవి లేకుండా ఒక్క కాగితం కూడా పంచొద్దు.

– చదవలేనివాళ్లకు ఎవరు చదివి వినిపిస్తారో ముందే అనుకోండి. మొదటిసారి రోగే నింపి రెండోసారి ఆశా కార్యకర్త అడిగితే, వచ్చిన తేడా ప్రశ్నలదో అడిగిన మనిషిదో ఎలా తెలుస్తుంది? పక్కన అత్తగారు కూర్చుంటే కోడలు మనసులో మాట చెప్పదు, దయచేసి విడిగా అడగండి.

– మళ్లీ అడగడానికి ఒకటి రెండు వారాల గడువు మంచిది. మరీ తొందరైతే పాత జవాబులు గుర్తుంటాయి, ఆలస్యమైతే మనిషి పరిస్థితే మారిపోతుంది. ఈలోగా మందులు మొదలైనవాళ్లను వేరుగా లెక్కేయండి. వరదల రోజుల్లో, కోతలప్పుడు పెట్టుకోవద్దు, లంక ఊళ్లవాళ్లు రెండోసారి రాలేరు.

– క్రోన్‌బాక్ ఆల్ఫా (ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎంత పొంతనగా ఉన్నాయో చెప్పే అంకె) 0.7 దాటిందని ఊరుకోకండి. ప్రశ్నలు పెరిగితే అదీ పెరుగుతుంది, కాబట్టి రెండే ప్రశ్నలున్న పీహెచ్‌క్యూ-2కి తక్కువొస్తే కొట్టిపారేయడం అన్యాయం. రెండుసార్ల మార్కులూ కలిసి పెరిగి తగ్గుతున్నాయా అని చూసే ఉత్త కోరిలేషనూ చాలదు: రెండోసారి అందరికీ మూడేసి మార్కులు పెరిగినా అది 1 అనే చూపిస్తుంది. మార్కులు అచ్చంగా కలుస్తున్నాయా అని చూసే రకం ఐసీసీ (ఇంట్రాక్లాస్ కోరిలేషన్) వాడండి.

– అన్నిటికన్నా ముఖ్యం, తొమ్మిదో ప్రశ్న. చనిపోవాలన్న ఆలోచన గురించి అడిగేది అదే. సున్నా కాక ఏ జవాబు వచ్చినా ఆ రోజే డాక్టరు చూసేలా ఏర్పాటు చేసుకోండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ టెలీ మానస్ 14416 నంబరు కాగితం మీదే అచ్చు వేయించండి.