యూరప్ భాషలకు ల్యాప్‌టాప్ కీబోర్డ్ లేఅవుట్ తయారు చేయడం ఎలా

కీ మీద ఏ అక్షరం అచ్చు వేసి ఉందో ల్యాప్‌టాప్‌కు తెలియదు. మీరు నొక్కగానే కీబోర్డ్ పంపేది ఒక నంబర్ మాత్రమే, ఆ కీ ఏ స్థానంలో ఉందో చెప్పే నంబర్, దాన్నే స్కాన్ కోడ్ అంటారు. దాన్ని అక్షరంగా మార్చేది ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఉండే లేఅవుట్. జర్మన్ కీబోర్డ్‌లో ‘వై’ ఉండాల్సిన చోట ‘జెడ్’ వచ్చినా, ఫ్రెంచ్ కీబోర్డ్‌లో ‘క్యూ’ చోట ‘ఏ’ వచ్చినా తేడా అంతా అక్కడే. కాబట్టి మీరు తయారు చేసేది ఒక పట్టిక: ఒక్కో కీకి మామూలుగా, షిఫ్ట్‌తో, ఆల్ట్‌జీఆర్‌తో (స్పేస్ బార్‌కు కుడివైపు ఉండే ఆల్ట్ కీ), ఆ రెండూ కలిపి నొక్కితే ఏం రావాలి అని. పట్టిక నింపడం పెద్ద కష్టం కాదు. ఏ అక్షరం ఎక్కడ కూర్చోవాలో తేల్చుకోవడమే అసలు పని.

మొదట ఎదురుగా ఉన్న మెషీన్ చూడండి. అమెరికన్ మోడల్‌లో అక్షరాలకూ గుర్తులకూ స్పేస్ బార్ కాకుండా 47 కీలు ఉంటాయి, యూరప్ మోడల్‌లో 48. ఆ అదనపు కీ ఎడమ షిఫ్ట్ పక్కనే ఉంటుంది, దాని కోసమే షిఫ్ట్ పొట్టిగా ఉంటుంది, ఎంటర్ కీ కూడా రెండు వరసల ఎత్తు ఉంటుంది. హంగేరియన్ లేఅవుట్‌లో దీర్ఘం గుర్తున్న ‘ఐ’ సరిగ్గా ఆ అదనపు కీ మీదే ఉంటుంది, అంటే అమెరికన్ ల్యాప్‌టాప్‌లో ఆ అక్షరానికి సొంత కీ ఉండదు. మీ లేఅవుట్ రెండు రకాల మెషీన్ల మీదా నడవాలంటే ఆ కీ మీద పెట్టిన ప్రతిదాన్నీ ఆల్ట్‌జీఆర్‌తో ఇంకో చోట కూడా పెట్టండి. ఇంకోటి, చిన్న ల్యాప్‌టాప్‌లలో జాగా కోసం కీలు సన్నబడేది ఎక్కువగా కుడివైపు, ఎంటర్ పక్కన. అమెరికన్లకు అక్కడ ఉండేవి బ్రాకెట్లు, సెమికోలన్ లాంటివి కాబట్టి పెద్ద ఇబ్బంది ఉండదు, కానీ జర్మన్, స్వీడిష్, స్పానిష్ వాళ్లకు ఆ ప్రాంతంలో ఉండేవి రోజూ వాడే అక్షరాలు. డెస్క్‌టాప్ కీబోర్డ్ మీద బాగున్న లేఅవుట్ ల్యాప్‌టాప్ మీద విసుగు పుట్టించడానికి ఇదో కారణం, అందుకే పేపర్ మీద కాకుండా అసలు మెషీన్ మీద వేళ్లు పెట్టి చూడండి.

తర్వాత అక్షరాల జాబితా. అన్ని భాషల అక్షరాలకూ కోడ్ నంబర్లు ఇచ్చే యూనికోడ్ కన్సార్టియం నడిపే సీఎల్‌డీఆర్ డేటాలో ప్రతి భాషకూ కావాల్సిన అక్షరాలు ఉంటాయి, అక్కడ మొదలుపెట్టండి. దానికి కొటేషన్ గుర్తులు కలపండి: జర్మన్‌లో తెరిచే కోట్ కింద ఉంటుంది, ఫ్రెంచ్‌లో కోణాల గుర్తులు, వాటి లోపల లైన్ విరగని స్పేస్. స్పానిష్‌కు తలకిందుల ప్రశ్నార్థకం, ఆశ్చర్యార్థకం కావాలి. కాటలాన్‌లో రెండు ‘ఎల్’ల మధ్య చుక్క కావాలి.

చూడ్డానికి ఒకేలా ఉండి వేరే అయిన అక్షరాల దగ్గర బాగా జాగ్రత్త. రొమేనియన్‌లో ‘ఎస్’, ‘టీ’ల కింద ఉండాల్సింది కామా, సెడిల్లా (అక్షరానికి అతుక్కుని ఉండే కొక్కెం లాంటి గుర్తు) కాదు. యూనికోడ్‌లో కామా ఉన్న చిన్న ‘ఎస్’ కోడ్ 0219, సెడిల్లా ఉన్నది 015ఎఫ్, ఆ రెండోది టర్కిష్ వాళ్లది. పాత సిస్టమ్‌లలో సెడిల్లా అక్షరాలే ఉండేవి కాబట్టి ఏళ్ల తరబడి అవే టైప్ చేశారు, ఫలితంగా ఒకే పదం రెండు రకాలుగా నిల్వ అయి, సెర్చ్ చేస్తే సగమే దొరికే పరిస్థితి వచ్చింది. టర్కిష్‌లో ఇంకో చిక్కు: చుక్క ఉన్న ‘ఐ’, చుక్క లేని ‘ఐ’ రెండు వేర్వేరు అక్షరాలు, రెండింటికీ విడివిడిగా పెద్ద అక్షరాలు ఉన్నాయి. షిఫ్ట్ వరసలో ఆ జతలు తారుమారైతే మొత్తం తప్పే.

ఇప్పుడు అసలు నిర్ణయం. గుర్తున్న అక్షరాన్ని మూడు రకాలుగా ఇవ్వచ్చు: సొంత కీ, డెడ్ కీ, ఆల్ట్‌జీఆర్. నా లెక్క ఏంటంటే, ఆ భాష దాన్ని విడి అక్షరంగా చూస్తుందా, లేక మామూలు అక్షరం మీద గుర్తుగా చూస్తుందా అన్నది ముందు అడగాలి. స్వీడిష్ వర్ణమాల చివరి మూడు అక్షరాలు సున్నా ఉన్న ‘ఏ’, రెండు చుక్కల ‘ఏ’, రెండు చుక్కల ‘ఓ’. అవి వాళ్లకు నిజమైన అక్షరాలు, సొంత కీలు ఇవ్వాల్సిందే. స్పానిష్‌లో టిల్డే (అల లాంటి గీత) ఉన్న ‘ఎన్’ అంతే, ‘ఎల్’ పక్కన దర్జాగా సొంత కీ ఉంది, దాన్ని కీబోర్డ్‌ల మీద కాపాడుకోవడానికి స్పెయిన్ ప్రభుత్వం 1993లో డిక్రీయే తెచ్చింది. అదే స్పానిష్‌లో అచ్చుల మీద వచ్చే గీత మాత్రం గుర్తే కాబట్టి డెడ్ కీ సరిపోతుంది: ముందు గుర్తు నొక్కాలి, స్క్రీన్ మీద ఏమీ రాదు, తర్వాత అచ్చు నొక్కితే రెండూ కలిసి వస్తాయి.

సంఖ్య పెరిగితే ఈ సూత్రం ఒక్కటే చాలదు. పోలిష్‌కు అలాంటి అక్షరాలు తొమ్మిది. టైప్‌రైటర్ పద్ధతిలో వచ్చిన లేఅవుట్ ఒకటుంది, కానీ అక్కడ దాదాపు అందరూ వాడేది ‘ప్రోగ్రామర్ల’ లేఅవుట్, అంటే మామూలు అమెరికన్ కీబోర్డే, ఆల్ట్‌జీఆర్‌తో ‘ఏ’ నొక్కితే తోక ఉన్న ‘ఏ’ వస్తుంది. ‘జెడ్’కు రెండు రూపాలున్నాయి కాబట్టి రెండోదాన్ని పక్కనున్న ‘ఎక్స్’ మీద పెట్టారు. కొత్తగా కంఠస్థం చేయాల్సింది దాదాపు ఏమీ లేదు, అమెరికన్ మెషీన్ మీద కూడా అలాగే నడుస్తుంది, కోడ్ గుర్తులేవీ కదలవు. నేను చూసినవాటిలో నాకు బాగా నచ్చిన పరిష్కారం ఇదే. చెక్ వాళ్లు ఇంకో దారి పట్టారు, అంకెల వరసలో అక్షరాలు పెట్టి అంకెల్ని షిఫ్ట్ మీదికి పంపారు. చెక్ గద్యం రాసేవాళ్లకు అది హాయి, ల్యాప్‌టాప్‌లో నంబర్ ప్యాడ్ లేనప్పుడు లెక్కలు కొట్టేవాళ్లకు మాత్రం నరకం.

పెద్ద అక్షరాలు మర్చిపోవడం చాలా లేఅవుట్‌లలో ఉన్న జబ్బు. అజెర్టీ అనే పాత ఫ్రెంచ్ లేఅవుట్‌లో ఒకే ఒక్క పదంలో వచ్చే గుర్తున్న ‘యూ’కు సొంత కీ ఉంది, కానీ గుర్తున్న పెద్ద ‘ఈ’ విండోస్‌లో నేరుగా రాదు. 2019లో ఫ్రాన్స్ ప్రమాణాల సంస్థ అఫ్నార్ కొత్త ప్రమాణం తెచ్చి దీన్ని సరిచేసింది, బేపో అనే ప్రత్యామ్నాయ లేఅవుట్‌నూ అందులోనే చేర్చింది. ఇటాలియన్‌లోనూ ఇదే బాధ, వాక్యం మొదట్లో గుర్తున్న పెద్ద ‘ఈ’ రావాల్సిన చోట జనం ‘ఈ’ కొట్టి పక్కన అపాస్ట్రఫీ పెడుతుంటారు. జర్మన్‌లో రెండు ‘ఎస్’ల బదులు వచ్చే ఎస్‌సెట్ అక్షరానికి పెద్ద రూపం 2017లోనే అధికారికమైంది, దాన్నీ చేర్చండి.

కోడ్ రాసేవాళ్లను వదిలేయకండి. జర్మన్‌లో చదరపు, మీసాల బ్రాకెట్లు ఆల్ట్‌జీఆర్‌తో 7, 8, 9, 0 మీద ఉంటాయి, వేళ్లు వంకర్లు పోతాయి. విండోస్ ఇటాలియన్ లేఅవుట్‌లోనైతే టిల్డే, బ్యాక్‌టిక్ (వెనక్కి వాలిన కోట్ లాంటి గుర్తు) లేనే లేవు. ఇంకో ఉచ్చు: విండోస్‌కు ఆల్ట్‌జీఆర్ అంటే కంట్రోల్, ఆల్ట్ కలిపి నొక్కడమే, కాబట్టి ఏదైనా ప్రోగ్రామ్ కంట్రోల్, ఆల్ట్, ‘ఎస్’ను షార్ట్‌కట్‌గా పెట్టుకుంటే పోలిష్ వాళ్లకు అందులో ఒక అక్షరం టైప్ కాదు. యూరో గుర్తు చాలా చోట్ల ఆల్ట్‌జీఆర్, ‘ఈ’ మీద ఉంటుంది, కానీ పోలిష్‌లో ఆ జాగాలో అక్షరం ఉంది కనుక ‘యూ’ మీదికి వెళ్లింది. ఉన్న అలవాటును కారణం లేకుండా కదపకండి, ఇలాంటి కారణం ఉంటేనే కదపండి.

డెడ్ కీ పెడితే రెండు పనులు చేయండి. దాని తర్వాత స్పేస్ నొక్కితే ఆ గుర్తు విడిగా రావాలి. రెండోది, కోట్, అపాస్ట్రఫీ కీలను నేరుగా డెడ్ కీలుగా మార్చకండి, యూఎస్ ఇంటర్నేషనల్ అనే లేఅవుట్‌లో అదే చేశారు, కోడ్ రాసేవాళ్లకు అడుగడుగునా టెన్షన్. ఆల్ట్‌జీఆర్ చాటున పెడితే ఎవరికీ అడ్డు రాదు.

టూల్స్ సంగతి త్వరగా చెప్తాను. విండోస్‌కు మైక్రోసాఫ్ట్ కీబోర్డ్ లేఅవుట్ క్రియేటర్ ఉచితం, ఉన్న లేఅవుట్‌ను తెరిచి మార్చుకోవడం తేలిక, కొత్త వెర్షన్ కట్టేటప్పుడు ప్రాజెక్ట్ పేరు కూడా మార్చండి, లేకపోతే పాతదానితో తన్నుకుంటుంది. మ్యాక్‌కు యూకెలేలే, అక్కడ ఆల్ట్‌జీఆర్ పని ఆప్షన్ కీ చేస్తుంది. లినక్స్‌లో లేఅవుట్ ఉండే ఎక్స్‌కేబీ ఫైల్‌ను టెక్స్ట్ ఎడిటర్‌తోనే రాయచ్చు, కాకపోతే సిస్టమ్ ఫైల్‌ను నేరుగా మార్చకండి, అప్‌డేట్ వస్తే తుడిచేస్తుంది, మీ సొంత ఫైల్ పెట్టుకోండి.

కీల మీద అచ్చు మాటకొస్తే, నార్డిక్ ల్యాప్‌టాప్‌లలో ఒకే కీ మీద రెండు మూడు భాషల అక్షరాలు మూలల్లో వేసి అమ్ముతారు, ఎందుకంటే డేనిష్, నార్వేజియన్ వాళ్లకు ‘ఏఈ’ జంటక్షరం, గీత ‘ఓ’ ఉన్న కీలు రెండూ తారుమారు. మీరు స్టిక్కర్లు అంటించుకుంటే పారదర్శకమైనవి తీసుకోండి, మామూలువి కీల వెనక లైటును కప్పేస్తాయి. కీలు ఊడదీసి అటూ ఇటూ మార్చకండి, ల్యాప్‌టాప్ కీల కింది క్లిప్పులు సున్నితం, విరిగితే అతకవు.

పరీక్షించడానికి అసలైన పదాలు వాడండి. పోలిష్‌కు వూచ్ (Łódź) నగరం పేరు కొట్టి చూడండి, నాలుగు అక్షరాల్లో మూడు ప్రత్యేకమైనవే, మొదటిది పెద్ద అక్షరం కూడా. హంగేరియన్‌లో ‘వరదను తట్టుకునే అద్దాల డ్రిల్లు’ అని అర్థం వచ్చే రెండు పదాల మాట ఒకటుంది, గుర్తులున్న తొమ్మిది అచ్చులూ అందులో వస్తాయి కాబట్టి ఫాంట్లు, కీబోర్డ్‌లు దానితోనే పరీక్షిస్తారు. తర్వాత క్యాప్స్ లాక్ వేసి అన్నీ మళ్లీ కొట్టండి. పేజీ నిండా నిజమైన రాత రాయండి, వేలు ఎక్కడ తడబడుతుందో అప్పుడే తెలుస్తుంది.

చివరగా లాగిన్ స్క్రీన్. మీ లేఅవుట్ డెస్క్‌టాప్‌లో పనిచేసినంత మాత్రాన లాగిన్ దగ్గర పనిచేస్తుందని కాదు, డిస్క్ ఎన్‌క్రిప్షన్ పాస్‌వర్డ్ అడిగే దశలో చాలాసార్లు అమెరికన్ లేఅవుటే ఉంటుంది. కొత్త లేఅవుట్‌ను డిఫాల్ట్ చేసే ముందు పాత లేఅవుట్‌ను కూడా జాబితాలో ఉంచండి, పాస్‌వర్డ్‌లో గుర్తులు గానీ, ‘జెడ్’, ‘వై’, ‘ఏ’, ‘క్యూ’ లాంటి జాగా మారే అక్షరాలు గానీ ఉంటే ముందే మార్చుకుని, ఒకసారి రీస్టార్ట్ చేసి చూసుకోండి.