యాక్సిడెంట్‌లో దెబ్బ తగిలితే అవతలి బండి ఇన్సూరెన్స్ నుంచి పరిహారం ఎలా రాబట్టుకోవాలి?

రేణిగుంట రోడ్డులో మా తమ్ముడి బైకును వెనక నుంచి ఒక వ్యాను గుద్దింది. కుడికాలు చీలమండ నుజ్జయింది. స్టేషన్ దగ్గర ఆటో తోలి ఇల్లు నడిపేవాడు. డిశ్చార్జి అయ్యాక ఆ వ్యాను ఇన్సూరెన్స్ కంపెనీ ఆఫీసుకు నాలుగు నెలలు తిరిగాం. ఎప్పుడు వెళ్లినా "ఫైలు పై ఆఫీసుకు పంపాం" అనే మాటే. మేం తిరగాల్సిన చోటు అది కాదని నాలుగో నెలలో ఒక లాయరు చెబితే గానీ తెలియలేదు. పిటిషన్‌కు చట్టం ఇచ్చిన గడువే ఆరు నెలలు. అందులో నాలుగు అలా పోయాయి. మీకు అలా జరగకూడదని ఇది రాస్తున్నాను.

అవతలి బండి వల్ల మీకు గాయమైతే పరిహారం ఎంతో తేల్చేది మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్. తిరుపతిలో, చిత్తూరులో జిల్లా జడ్జి స్థాయి కోర్టులే ట్రిబ్యునల్‌గా కూర్చుంటాయి. కంపెనీ తనంతట తానే రాజీకి రావచ్చు, కాదనను. కానీ మీ పిటిషన్ నంబరు పడేదాకా వాళ్లకు తొందరేమీ ఉండదు.

1. ఆసుపత్రిలో చెప్పే మొదటి మాట

రుయాకు తీసుకెళ్లినా, స్విమ్స్‌కు తీసుకెళ్లినా, ప్రైవేటుకు వెళ్లినా క్యాజువాల్టీలో "ఎలా జరిగింది?" అని అడిగి రాసుకుంటారు. పోలీసు కేసు ఎందుకులే అని చాలామంది "బండి జారి పడ్డాడు" అంటారు. ఆ ఒక్క వాక్యం తర్వాత కోర్టులో కంపెనీ చేతికి ఆయుధమవుతుంది. ఫలానా బండి గుద్దింది అని, నంబరు తెలిస్తే నంబరుతో సహా చెప్పండి. మెడికో లీగల్ కేసుగా (పోలీసులకు సమాచారం వెళ్లే కేసుగా) నమోదు చేయించండి.

చికిత్స డబ్బు గురించి ఒక మాట. రోడ్డు ప్రమాద బాధితులకు 7 రోజుల వరకు, 1.5 లక్షల రూపాయల దాకా నగదు లేకుండా వైద్యం అందించే కేంద్ర పథకం 2025 మే నుంచి ఉంది. దాని కింద చేరుస్తారా అని ఆసుపత్రిలో అడగండి.

2. పోలీస్ స్టేషన్ నుంచి తెచ్చుకోవాల్సినవి

వీలైనంత త్వరగా ఎఫ్ఐఆర్ అయ్యేలా చూడండి. మనిషి ఐసీయూలో ఉంటే ఇంట్లోవాళ్లు ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఆలస్యమైతే, ఎందుకు ఆలస్యమైందో ఆ ఫిర్యాదులోనే రాయండి. తర్వాత బండిని పరీక్షించిన మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ రిపోర్టు, గాయాల సర్టిఫికెట్, ఛార్జిషీటు కాపీలు కావాలి. 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం పోలీసులు పూర్తి ప్రమాద నివేదికను 90 రోజుల్లో ట్రిబ్యునల్‌కు ఇవ్వాలి. ఇచ్చారా లేదా అని వెళ్లి అడగండి. అడిగినవాళ్ల ఫైలు కాస్త ముందు కదులుతుంది, ఇది మేం కళ్లారా చూశాం.

బండి నంబరుంటే ఎంపరివాహన్ యాప్‌లో ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉందో చూడొచ్చు. గుద్దిన బండి ఏదో తెలియకపోతే దారి వేరు. హిట్ అండ్ రన్ కింద తీవ్ర గాయానికి 50 వేలు, ప్రాణం పోతే 2 లక్షలు వస్తాయి.

3. పిటిషన్ వేయడం

ప్రమాదం జరిగిన చోటైనా, మీరుండే చోటైనా, ఎదుటివాళ్లుండే చోటైనా వేయొచ్చు. ప్రమాదం నాయుడుపేట దగ్గర జరిగినా, మీ ఇల్లు తిరుపతిలో ఉంటే తిరుపతిలోనే వేయండి. ప్రతి వాయిదాకూ బస్సెక్కే పని తప్పుతుంది. బండి యజమానిని, ఇన్సూరెన్స్ కంపెనీని ప్రతివాదులుగా చేర్చాలి.

తప్పెవరిదో రుజువు చేయకుండానే తీవ్ర గాయానికి 2.5 లక్షలు ఇచ్చే సెక్షన్ 164 ఒకటుంది. చిన్న కేసుకు అది మేలే. కానీ అది పుచ్చుకుంటే ట్రిబ్యునల్‌లో ఉన్న మీ పెద్ద పిటిషన్ రద్దయిపోతుంది. అందుకే మొత్తం లెక్క వేసుకోకుండా ఒప్పుకోవద్దు.

ఆసుపత్రి మంచం దగ్గరికే వచ్చి "సగం మాకు, సగం మీకు" అనే ఏజెంట్లను దూరం పెట్టండి. లాయరుకు డబ్బు లేకపోతే 15100కు ఫోన్ చేయండి, అది న్యాయ సేవల సంస్థ నంబరు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు లాయరును ఉచితంగా ఇస్తారు.

4. ఎంత అడగాలి? అసలు పోరాటం ఇక్కడే

కంపెనీ మీతో వాదించేది మూడు అంకెల మీద: నెల ఆదాయం, వైకల్య శాతం, వయసు. వయసును ఎవరూ మార్చలేరు. ఏడాది ఆదాయాన్ని వయసు 36 నుంచి 40 మధ్య ఉంటే 15తో, 26 నుంచి 30 మధ్య ఉంటే 17తో గుణించాలని సుప్రీంకోర్టు 2009లోనే పట్టిక ఇచ్చింది. మిగతా రెండూ మీరు తెచ్చే కాగితాలను బట్టి ఉంటాయి.

మా తమ్ముడికి 38 ఏళ్లు. నెలకు 15 వేలు సంపాదించేవాడు. కంపెనీ తరఫున వచ్చినాయన 8 వేలే ఒప్పుకుంటానన్నాడు, వైకల్యం 20 శాతం అన్నాడు. ఏడాదికి 96 వేలు, దాన్ని 15తో గుణించి, వచ్చినదానిలో 20 శాతం లెక్కగడితే 2,88,000. వినగానే మా అమ్మ "తీసుకుందాం నాయనా, అప్పులున్నాయి" అంది.

అదే లెక్క సరిగా వేస్తే: ఏడాదికి 1,80,000. సొంత పని చేసుకుని బతికేవాళ్లకు 40 ఏళ్లలోపు వయసైతే భవిష్యత్తు ఆదాయం కింద 40 శాతం కలపాలి, 2,52,000 అవుతుంది. 15తో గుణిస్తే 37,80,000. అందులో 20 శాతమే వేసినా 7,56,000.

శాతం దగ్గర ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. డాక్టరు రాసేది శరీర వైకల్యం. కోర్టు చూడాల్సింది ఆ గాయం వల్ల సంపాదన ఎంత తగ్గిందన్నది. 2010లో సుప్రీంకోర్టు ఈ తేడాను స్పష్టంగా చెప్పింది. ఆటోకు బ్రేకు కుడికాలితో తొక్కాలి. చీలమండ వంగని మనిషి ఆటో తోలలేడు. కూర్చుని లెక్కలు రాసే ఉద్యోగికి అదే గాయమైతే జీతం ఆగకపోవచ్చు. మీ పనిలో ఆ కాలు, ఆ చెయ్యి ఏం చేసేదో మీ సాక్ష్యంలో విడమరిచి చెప్పండి. సర్టిఫికెట్ ఒక్కటే చాలదు, చికిత్స చేసిన డాక్టరే వచ్చి చెబితే బలం. ఆయన రాలేనంటే, కోర్టు తరఫున సాక్ష్యం రాసుకునే కమిషనర్‌ను పంపి ఆసుపత్రిలోనే సాక్ష్యం తీసుకోమని మీ లాయరు కోర్టును అడగొచ్చు.

ఆదాయానికి జీతం చీటీ లేదని దిగులు వద్దు. డ్రైవింగ్ లైసెన్స్, పర్మిట్, ఆటో ఫైనాన్స్ కంతులు కట్టిన రసీదులు, ఫోన్‌పే స్టేట్‌మెంట్ మాకు పనికొచ్చాయి. పాలు పోసేవాళ్లకు డెయిరీ పాసుపుస్తకం, మామిడి తోటల్లో పనిచేసేవాళ్లకు కూలి ఇచ్చిన రైతు సాక్ష్యం పనికొస్తాయి. మందుల బిల్లులతో పాటు ఆటో ఖర్చు, తోడున్న మనిషి కూలి నష్టం, పౌష్టికాహారం, నొప్పి, బాధ కూడా అడగండి. బిల్లులు ఒరిజినల్సే దాచుకోండి, ఫొటో కూడా తీసి పెట్టుకోండి. ఆ కాగితం మీద ఇంకు ఏడాదిలో చెరిగిపోతుంది.

5. కంపెనీ చెప్పే సాకులు

"డ్రైవరుకు లైసెన్స్ లేదు, మేం కట్టం" అంటే కంగారు పడొద్దు. చాలా కేసుల్లో ముందు బాధితుడికి కట్టి, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు కంపెనీకి చెబుతాయి. "హెల్మెట్ లేదు, మీ తప్పూ ఉంది" అంటే కొంత కోత పడొచ్చు గానీ, మొత్తం పోదు. ఇంటికొచ్చే ఇన్వెస్టిగేటర్ రాసిన కాగితం మీద మాత్రం చదవకుండా సంతకం పెట్టొద్దు. "ఫుల్ అండ్ ఫైనల్" అని ఉంటే అసలే వద్దు.

లోక్ అదాలత్‌లో రాజీ మంచిదే, త్వరగా డబ్బు చేతికొస్తుంది. అయితే అక్కడ ఒప్పుకున్నదానిపై అప్పీలు లేదు. ఇంతకు తగ్గను అనే అంకెను ముందురోజు రాత్రే ఇంట్లో కూర్చుని రాసుకోండి. అక్కడి హడావిడిలో ఆలోచన సాగదు.

మీ సొంత పాలసీ సంగతి వేరు. బండి యజమానే నడుపుతున్నప్పుడు అతనికి ఉండే 15 లక్షల కవరు మరణానికి, కాలు, చెయ్యి, చూపు పోవడం లాంటి శాశ్వత వైకల్యానికే. మామూలు ఫ్రాక్చర్‌కు రాదు. అర్హత ఉండి కూడా ఇవ్వకపోతే కంపెనీ ఫిర్యాదుల అధికారికి, అక్కడా తేలకపోతే బీమా ఫిర్యాదులు తేల్చే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయండి. అవతలి బండి కంపెనీ మీద మాత్రం అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లలేం.

6. తీర్పు వచ్చాక

తక్కువ ఇచ్చారనిపిస్తే 90 రోజుల్లో హైకోర్టుకు వెళ్లాలి. కంపెనీ కట్టకపోతే అమలు పిటిషన్ వేయండి, భూమిశిస్తు బకాయిలాగా వసూలు చేసే వీలు చట్టంలో ఉంది. వడ్డీ సాధారణంగా పిటిషన్ వేసిన రోజు నుంచి వస్తుంది, తీర్పు కాపీలో ఆ తేదీ సరిగా ఉందో లేదో చూసుకోండి. డబ్బులో కొంత భాగం ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పెట్టమని జడ్జి ఆదేశించవచ్చు. తర్వాత రాడ్డు తీయించే ఆపరేషన్ పడితే, ఆసుపత్రి ఇచ్చిన ఖర్చు అంచనాతో అదే కోర్టులో దరఖాస్తు పెట్టి ఆ డిపాజిట్ విడుదల చేయించుకోవచ్చు.