ట్రైఫిల్ కుదరడం లేదా? పొర పొరకీ సమస్య - పరిష్కారం

ఇంగ్లండ్‌లో క్రిస్మస్ రోజు భోజనాలయ్యాక బల్ల మీదకు ఒక పెద్ద గాజు గిన్నె వస్తుంది. అడుగున షెర్రీ అనే వైన్‌లో నానిన కేకు, దాని మీద పళ్లు, ఆ పైన పసుపుపచ్చని కస్టర్డ్, అన్నిటికీ పైన గిలకొట్టిన క్రీమ్. ఇదే ట్రైఫిల్. గిన్నె గాజుది కాబట్టి ఏ పొరలో ఏ తప్పు జరిగినా బయటికి కనబడిపోతుంది. చాలామంది దీన్ని చూసి భయపడేది అందుకే. కానీ ప్రతి తప్పుకీ ఒక కారణం ఉంది, అది తెలిస్తే టెన్షన్ అక్కర్లేదు.

ముందుగా ఇందులో ఏం ఉండాలి అన్న మాట తేల్చుకుందాం. 16వ శతాబ్దం చివర్లో ట్రైఫిల్ అంటే చక్కెర, అల్లం, పన్నీరు (గులాబీ నీళ్లు) వేసి చేసిన చిక్కటి క్రీమ్ మాత్రమే. వైన్‌లో నానిన బిస్కెట్లు, కస్టర్డ్ 18వ శతాబ్దంలో వచ్చి చేరాయి. జెల్లీ ఉండాలా వద్దా అని అక్కడి ఇళ్లలో ఇప్పటికీ వాదించుకుంటారు. జెల్లీ కూడా 18వ శతాబ్దంలోనే వచ్చింది కాబట్టి అది మోసమని నేననను. నా పద్ధతి ఇది: షెర్రీ పోస్తే జెల్లీ మానేస్తాను, షెర్రీ బదులు కమలారసం పోస్తే జెల్లీ వేస్తాను. రెండూ కలిస్తే షెర్రీ వాసన జెల్లీ తీపి కింద పోతుంది.

ఎనిమిది మందికి, రెండు లీటర్ల గిన్నెకి నా కొలత: 200 గ్రాముల స్పాంజ్ కేకు, 100 మిల్లీలీటర్ల షెర్రీ, 300 గ్రాముల రాస్ప్‌బెర్రీలు, అర లీటరు పాలతో కస్టర్డ్, 300 మిల్లీలీటర్ల డబుల్ క్రీమ్ (వెన్న శాతం ఎక్కువగా ఉండే చిక్కటి క్రీమ్).

కస్టర్డ్ విరిగింది, గింజలు గింజలుగా ఉంది

కస్టర్డ్‌లో గుడ్డు పచ్చసొన సుమారు 80 డిగ్రీల దగ్గర చిక్కబడుతుంది. 85 దాటితే ముద్ద కట్టి విడిపోతుంది. మధ్యలో ఉన్నది ఆ నాలుగైదు డిగ్రీలే. పెద్ద సెగ మీద పెట్టి అటు తిరిగి వచ్చేలోపు అది దాటిపోతుంది.

అప్పుడే విరగడం మొదలైతే గిన్నెను వెంటనే చన్నీళ్లలో పెట్టి, గట్టిగా గిలకొట్టి, సన్నటి జల్లెడలో వడకట్టండి. చాలావరకు దారికొస్తుంది. పూర్తిగా గుడ్డు పొరటులా అయిపోతే మాత్రం దాన్ని వదిలేసి మళ్లీ చేయడమే మేలు. రాకుండా చూసుకోవాలంటే నాలుగు పచ్చసొనలకు ఒక టేబుల్ స్పూన్ కార్న్‌ఫ్లోర్ కలపండి. పిండి ఉంటే సొన అంత తొందరగా విరగదు. ఇది తక్కువ పద్ధతి అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ట్రైఫిల్‌లో కస్టర్డ్ క్రీమ్ బరువును మోయాలి, పిండి లేని పల్చటి కస్టర్డ్ ఆ పని చేయలేదు.

రాత్రి చిక్కగా ఉంది, తెల్లారేసరికి జారిపోయింది

ఎక్కువమందికి అర్థం కానిది ఇదే. పచ్చసొనలో అమైలేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది పిండిపదార్థాన్ని కోసుకుంటూ పోతుంది. సొన, కార్న్‌ఫ్లోర్ కలిపిన కస్టర్డ్‌ను "విరుగుతుందేమో" అని భయపడి ముందే దించేస్తే ఎంజైమ్ చావదు. ఫ్రిజ్‌లో రాత్రంతా మెల్లగా తన పని చేసుకుంటూ ఉంటుంది. కాబట్టి కార్న్‌ఫ్లోర్ వేసినప్పుడు ధైర్యంగా బుడగలు వచ్చేదాకా ఉంచి, ఇంకో నిమిషం కలుపుతూ ఉడికించండి. పిండి కాపాడుతుంది, విరగదు.

రెండో కారణం ఇంకా చిన్నది. రుచి చూసిన చెంచానే మళ్లీ గిన్నెలో పెట్టడం. మన లాలాజలంలోనూ అదే ఎంజైమ్ ఉంది. మన ఇళ్లలో ఎంగిలి చెంచా గిన్నెలో పెట్టనివ్వని అమ్మమ్మల మాట ఇక్కడ అక్షరాలా పనికొస్తుంది.

గుడ్డు తినని ఇళ్లలో కస్టర్డ్ పౌడర్ వాడొచ్చు. దానికి ఇంగ్లండ్ చరిత్రలోనే గట్టి స్థానం ఉంది. 1837లో బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే కెమిస్ట్, తన భార్యకు గుడ్డు పడదని గుడ్డు లేని కస్టర్డ్ తయారుచేశాడు. ప్యాకెట్ మీద చెప్పినదానికంటే పౌడర్ కొంచెం ఎక్కువ వేయండి. చల్లారాక పైన తొరక కట్టకుండా ప్లాస్టిక్ రేపర్‌ను కస్టర్డ్‌కు ఆనేలా పరవండి.

జెల్లీ గట్టిపడలేదు

ఏ పండు వేశారో చూడండి. ఉడికించని అనాస, కివీ, బొప్పాయి వేస్తే జిలటిన్ జెల్లీ ఎన్ని గంటలున్నా నీళ్లలాగే ఉంటుంది. వాటిలోని ఎంజైమ్‌లు జిలటిన్‌ను ముక్కలు చేస్తాయి. డబ్బాలో వచ్చే అనాస ముక్కలు ఉడికినవి కాబట్టి ఇబ్బంది లేదు. తాజా పండే కావాలంటే ముక్కలను ఐదు నిమిషాలు చక్కెర నీళ్లలో ఉడికించి చల్లార్చి వేయండి.

శాకాహారులైతే జిలటిన్ పశువుల చర్మం, ఎముకల నుంచి వస్తుందని గుర్తుంచుకుని చైనా గ్రాస్ (సముద్రపు నాచు నుంచి వచ్చే అగర్) వాడండి. దాన్ని అనాస కూడా ఏమీ చేయదు. కానీ వేడినీళ్లలో వేసి కలిపితే చాలదు, మరిగించాలి. మరగకపోతే అది కూడా గట్టిపడదు.

గట్టిపడిన జెల్లీ కస్టర్డ్ పోశాక కరిగిందంటే తప్పు జెల్లీది కాదు. జిలటిన్ 35 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. గిన్నె అడుగు చేతికి వెచ్చగా తగిలినంతసేపూ ఆ కస్టర్డ్ పోయకూడదు.

కేకు తేలింది, లేదా ముద్దయింది, లేదా ఎండుగానే ఉంది

స్పాంజ్‌లో గాలి ఉంటుంది కాబట్టి జెల్లీ నీళ్లు ఒక్కసారే పోస్తే కేకు పైకి తేలుతుంది. ముందు కేకు తడిసేంత మాత్రమే పోసి, చెంచాతో నొక్కి, ఫ్రిజ్‌లో గట్టిపడనివ్వండి. మిగతాది తర్వాత పోయండి.

ముద్దయిందంటే కేకు తాజాది అయి ఉంటుంది. ట్రైఫిల్‌కు నిన్నటి కేకే మంచిది. ఇంగ్లండ్‌లో ఇందుకోసమే ఎండు ట్రైఫిల్ స్పాంజ్‌లు అమ్ముతారు. తాజా కేకు తప్ప ఇంకేం లేకపోతే ముక్కలు కోసి గంటసేపు గాలికి ఆరబెట్టండి. ఎండుగా ఉందంటే సరిపడా నానలేదన్నమాట. షెర్రీని ఒకేచోట ఒంపకుండా చెంచాతో ముక్క ముక్కకీ పోసి, అరగంట వదిలేయండి. ఇంకో మాట: షెర్రీ ఉడకదు, అందులోని ఆల్కహాల్ అలాగే ఉంటుంది. పిల్లలకీ, మందు ముట్టనివాళ్లకీ కమలారసంతో వేరే గిన్నె చేసి, ఏది ఏదో ముందే చెప్పండి.

క్రీమ్ నిలబడలేదు

వెన్న శాతం చూడండి. 30కి తక్కువైతే ఎంత గిలకొట్టినా నిలబడదు. బ్రిటన్‌లో అమ్మే డబుల్ క్రీమ్‌లో 48 శాతం, విప్పింగ్ క్రీమ్‌లో 35 పైన ఉంటుంది. మన ఊళ్లలో చిన్న ప్యాకెట్లలో దొరికే ఫ్రెష్ క్రీమ్‌లో 25 శాతమే, అది దీనికి పనికిరాదు. క్రీమ్, గిన్నె, విస్కర్ మూడూ చల్లగా ఉండాలి.

డబుల్ క్రీమ్‌కు ఎదురు సమస్య ఉంది. అది చూస్తుండగానే గట్టిపడి, గరుకై, ఇంకొద్దిగా కొడితే వెన్నయిపోతుంది. గరుకు కనబడగానే ఆపి, కొట్టని క్రీమ్ రెండు చెంచాలు పోసి చేత్తో నెమ్మదిగా కలపండి, నునుపు వస్తుంది. క్రీమ్ మెత్తగా వంగి నిలబడే దశలోనే ఆపడం అలవాటు చేసుకోండి.

రంగులు కారాయి

ఫ్రీజర్ పళ్లను అలాగే వేస్తే కరిగి రసం కస్టర్డ్‌లోకి ఎక్కుతుంది. జల్లెడలో కరగనిచ్చి, ఆ రసాన్ని కేకు మీద పోయండి. పైన చల్లే రంగు చక్కెర గుళికలు, వేయించిన బాదం పలుకులు వడ్డించే ముందే వేయాలి. ముందే వేస్తే గుళికల రంగు క్రీమ్‌లోకి దిగుతుంది, బాదం మెత్తబడుతుంది.

వడ్డిస్తే ఒకరికి క్రీమే, ఇంకొకరికి కేకే వచ్చింది

చేసిన వెంటనే వడ్డిస్తే ఇలా అవుతుంది. క్రీమ్ తప్ప మిగతా పొరలన్నీ ముందురోజు రాత్రే పేర్చి ఫ్రిజ్‌లో పెట్టండి, క్రీమ్ పొద్దున వేయండి. పొరలు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. పెద్ద చెంచాను నిలువుగా అడుగుదాకా దించి, కేకును తాకాక ఒక్కసారే పైకెత్తండి. మొదటి వడ్డన ఎలాగూ చెదురుతుంది. దాన్ని మీ గిన్నెలో వేసుకుని, రెండోది అతిథికి పెట్టండి.