ఉద్యోగం మాని పూతరేకుల ఆన్‌లైన్ వ్యాపారంలోకి రావడం ఎలా?

హైదరాబాదులోనో బెంగళూరులోనో చేస్తున్న కంపెనీ ఉద్యోగం మాని, కోనసీమకు తిరిగివచ్చి పూతరేకులు ఆన్‌లైన్‌లో అమ్మాలనుకునేవారు తరచుగా నా దగ్గరికి సలహాకు వస్తుంటారు. నేనూ అదే దారిలో వచ్చి, రావులపాలెం నుంచి ఆరేళ్లుగా పెట్టెలు పంపుతున్నాను. వచ్చినవారిలో ఎక్కువమంది రాజీనామా ఇచ్చేశాక లెక్క అడుగుతారు. మంచి సరుకు చేతిలో ఉండి కూడా ఏడాది తిరగకుండా మళ్లీ ఉద్యోగం వెతుక్కున్నవారిని చూసి బాధపడి ఇది రాస్తున్నాను.

కావలసిన సామగ్రి కొంచెమే: కాటా, టేపు, అట్టపెట్టెలు, వ్యాపారానికి విడిగా ఒక ఫోన్ నంబరు, ఒక బ్యాంకు ఖాతా. ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐలో నమోదు చేయించుకుని ఆ 14 అంకెల సంఖ్యను ప్రతి పెట్టెపైనా ముద్రించాలి. చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ నమోదు ఉచితం, దానికి ఎవరికీ డబ్బు ఇవ్వవద్దు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కనుక, వేరే చోట తయారైనవాటిని ఆ పేరుతో అమ్మకూడదు. సరుకును రేకులు తీసి చుట్టే మహిళల దగ్గరే నేరుగా కొనాలి.

జీఎస్టీ విషయంలో ఒక పొరపాటు పదేపదే జరుగుతోంది. ఏడాది అమ్మకం 40 లక్షలు దాటేవరకు నమోదు అక్కరలేదని విని ఊరుకుంటారు. ఆ వెసులుబాటు రాష్ట్రం లోపలి అమ్మకాలకే. మన కొనుగోలుదారుల్లో సగం మంది హైదరాబాదులోని బంధుమిత్రులే అయినా, 2014 జూన్ 2 నుంచి అది మనకు మరో రాష్ట్రం. పూతరేకుల వంటి పన్ను పడే సరుకును సరిహద్దు దాటించి అమ్మితే, పంపేది పది పెట్టెలే అయినా నమోదు తప్పనిసరి.

ఇక అసలు కష్టమైన పని ధర నిర్ణయించడం. ఇక్కడ తొందరపడవద్దని చేతులు జోడించి చెబుతున్నాను.

కొరియర్ సంస్థలు అసలు బరువును మాత్రమే చూడవు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి, సాధారణంగా 5000తో భాగించి, వచ్చిన బరువు అసలు బరువు కన్నా ఎక్కువైతే దానికే రుసుము వేస్తాయి. పూతరేకులు గాలిలా తేలికైన సరుకు కాబట్టి ఈ లెక్క మనల్నే ఎక్కువగా దెబ్బతీస్తుంది. ఇరవై రేకులను 30, 20, 15 సెంటీమీటర్ల పెట్టెలో పెడితే కాటా మీద 700 గ్రాములు తూగినా, బిల్లు 1.8 కిలోలకు, అంటే చాలాచోట్ల రెండు కిలోలకు పడుతుంది. అవే రేకులను 28, 18, 9 సెంటీమీటర్ల పెట్టెలో సర్దితే ఒక కిలోలోపే సరిపోతుంది. పైగా పెట్టెలో ఖాళీ తగ్గితే రేకులు కదలవు, కదలకపోతే విరగవు. కాబట్టి ముందు పెట్టె కొలత తేల్చుకుని, ఆ తరువాతే ధర గురించి ఆలోచించాలి.

ధరలో మీ కూలి కూడా ఉండాలి. ఉదాహరణకు సరుకు 300 రూపాయలు, పెట్టెకు, సర్దడానికి కలిపి 40, కొరియర్ 90, విరిగినవాటికి బదులు పంపడానికి 25 అనుకుందాం. చాలామంది ఇక్కడే ఆగి, 455 అయింది కదా అని 500కు అమ్ముతారు. నెలకు 30,000 మిగలాలంటే, 25 రోజులు రోజుకు 15 పెట్టెల చొప్పున పంపినా పెట్టెకు 80 రూపాయలు మీ కూలిగా పడాలి. అప్పుడు 535 అవుతుంది, దానిపై పన్ను వేరు. ఆ ధరకు కొనేవారు లేకపోతే, ఆ సంగతి జీతం వస్తున్న రోజుల్లోనే తెలియాలి.

సరుకు చేరాక డబ్బు తీసుకునే పద్ధతి పెట్టకూడదు. తిరస్కరించిన పెట్టెకు రానుపోను ఖర్చు మనదే, తిరిగివచ్చిన రేకులు పనికిరావు. ముందుగా యూపీఐలో చెల్లించినవారికే పంపాలి. పెద్ద అమ్మకపు వేదికలకన్నా సొంత వాట్సాప్ జాబితానే నేను నమ్ముతాను, ఎందుకంటే ఆ వేదికల్లో కమీషన్ పోవడమే కాక కొన్నవారి నంబరు కూడా మన దగ్గర మిగలదు, ఆ నంబరు లేనిదే వచ్చే పండుగకు వారిని పలకరించలేము.

నియామక పత్రంలో వేరే వ్యాపారం చేయరాదనే షరతు ఉంటే, కంపెనీ నుంచి రాతపూర్వక అనుమతి తీసుకుని, వారాంతాల్లో ఇంట్లోవారి సాయంతో మూడు నెలలు అమ్మి చూడాలి. సంక్రాంతి నెలను అందులో లెక్కించవద్దు, అప్పుడు ఎవరు పెట్టినా అమ్ముడవుతాయి. జూలై, ఆగస్టు నెలలు తప్పక ఉండాలి: తేమకు రేకులు మెత్తబడతాయి, గోదావరికి వరద వస్తే లంకల దారులు మునిగి సరుకు చేతికందదు. ఆ నెలల్లో కూడా పెట్టెకు 80 మిగిలితే, కుటుంబానికి సొంత ఆరోగ్య బీమా తీసుకుని, ఆరు నెలల ఇంటి ఖర్చు విడిగా బ్యాంకులో ఉంచి, ఆ తరువాత రాజీనామా పత్రం ఇవ్వాలి.