చదివింది గుర్తుండాలంటే ఏం చేయాలి? ‘లెర్నింగ్ స్టైల్’ను ఎంతవరకు నమ్మాలి?

మా అక్క కూతురు దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటూ ఇంటర్ బైపీసీ చదువుతోంది. మొన్న ఆదివారం మా ఇంటికొచ్చి, “పిన్నీ, నేను విజువల్ లెర్నర్‌నట, అంటే చూస్తేనే నేర్చుకునే రకం. ఫోన్‌లో క్విజ్ చేస్తే వచ్చింది. ఇంక వీడియోలే చూస్తా, పుస్తకం నాకెక్కదు” అంది. బ్యాగులోంచి జువాలజీ పుస్తకం తీసి చూశాను. ఏ పేజీ తిప్పినా హైలైటర్ పసుపే. గీత పడని లైన్ కోసం వెతుక్కోవాల్సి వచ్చింది.

ఈ విజువల్, ఆడిటరీ ‘లెర్నింగ్ స్టైల్’ గోలకు బాగా ప్రచారం తెచ్చింది న్యూజిలాండ్‌కు చెందిన నీల్ ఫ్లెమింగ్ 1987లో రూపొందించిన ‘వార్క్’ పద్ధతి. చూసి, విని, చదివి రాసి, చేసి నేర్చుకునేవాళ్లని అందులో నాలుగు రకాలు. ఒకరికి బొమ్మలు ఇష్టం, ఇంకొకరికి వినడం ఇష్టం. అందులో అబద్ధమేం లేదు. కానీ ఇష్టమైన పద్ధతిలో చెబితే చదువు ఎక్కువ వస్తుందా? 2008లో హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు సైకాలజిస్టులు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలు తిరగేస్తే, వస్తుందనడానికి తగిన ఆధారం దొరకలేదు. కాబట్టి “మావాడు వింటేనే నేర్చుకుంటాడండీ” అని ముద్ర వేసేయకండి. ఆ ముద్రే రేపు పుస్తకం తెరవకపోవడానికి సాకు అవుతుంది. బదులుగా ఇలా చేసి చూడండి.

1. పిల్లల్ని కాదు, పాఠాన్ని చూసి పద్ధతి ఎంచుకోండి

గుండెలో రక్తప్రసరణ అర్థం కావాలంటే ఎవరికైనా బొమ్మ కావాల్సిందే. పద్యమైతే పైకి చదవాలి, యతి ఎక్కడ పడిందో చెవికే ముందు తెలుస్తుంది. లెక్క చేత్తో చేయాలి. వీడియోలో సారు చేస్తుంటే అంతా వచ్చేసినట్టే ఉంటుంది, మనం పెన్ను పట్టుకుంటే రెండో లైన్‌లో ఆగిపోతాం.

2. పుస్తకం మూసి రాయండి

మిగతావన్నీ వదిలేసినా ఇది వదలొద్దు. ఆ రోజు మా అక్క కూతుర్ని రక్తప్రసరణ పాఠం ఒకసారి శ్రద్ధగా చదవమన్నాను. తర్వాత పుస్తకం మూయించి, తెల్లకాగితం ఇచ్చి, రక్తం వెళ్లే దారి గీయమన్నాను. గుండె పై గది కుడి కర్ణిక, కింది గది కుడి జఠరిక, ఊపిరితిత్తులకు తీసుకెళ్లే పుపుస ధమని, ఊపిరితిత్తులు. (తనది ఇంగ్లిష్ మీడియం కాబట్టి రైట్ ఏట్రియం అంటుంది, నాకు కర్ణిక అంటేనే తెలుస్తుంది.) అక్కడిదాకా గబగబా వచ్చింది. ఊపిరితిత్తుల నుంచి బాణం మళ్లీ కుడి కర్ణికకే వేసింది.

“ఒంట్లోంచి వచ్చిన చెడు రక్తం ఆ గదిలోకే కదా వస్తుంది? ఆక్సిజన్ నింపుకున్నదీ అక్కడికే వస్తే రెండూ కలిసిపోవూ?” అన్నాను.

కాసేపు పెన్ను కొరికింది. బాణం కొట్టేసి ఎడమ కర్ణికకు వేసింది. ఆ పేరా మొత్తం పుస్తకంలో పసుపుగానే ఉంది మరి!

మీరూ అలాగే చేయండి: చదవడం, మూయడం, గుర్తున్నంత రాయడం, తర్వాత పుస్తకం తెరిచి తప్పుల్ని ఎర్ర పెన్నుతో దిద్దడం. మొదట్లో సగం కూడా రాదు, టెన్షన్ పడొద్దు. 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికె అనే సైకాలజిస్టులు ఒక ప్రయోగం చేశారు. కొందరు పాఠాన్ని రెండుసార్లు చదివారు, కొందరు ఒకసారి చదివి చూడకుండా రాశారు. 5 నిమిషాల తర్వాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత పెడితే వాళ్లకు గుర్తున్నది 42 శాతం, రాసినవాళ్లకు 56 శాతం. రాత్రి రెండుసార్లు తిరగేసి “అంతా వచ్చేసింది” అనుకోవడంలోని మోసం ఇదే.

3. ఒకేరోజు రుబ్బకుండా విడదీయండి

ఒక పాఠానికి మూడు గంటలుంటే ఈరోజే కూర్చోబెట్టి అయిపోగొట్టకండి. ఇవాళ కొంత, రేపు కాసేపు, నాలుగో రోజు, పదో రోజు. కాస్త మరిచిపోయాక కష్టపడి గుర్తు తెచ్చుకుంటేనే గట్టిపడుతుంది.

దీనికి చిట్టీలు బాగా పనికొస్తాయి. ఇంట్లో పడున్న పాత శుభలేఖల్ని కత్తిరించి, ఖాళీగా ఉన్న పక్క ప్రశ్న రాసి, జవాబు వేరే ముక్క మీద రాసి వెనక అతికించండి. రెండు రబ్బరు బ్యాండ్లు చాలు: వచ్చినవి ఒక కట్ట, రానివి ఒక కట్ట. రానివి రోజూ, వచ్చినవి వారానికోసారి. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగేలోపు, నిలబడే అయినా, ఒక కట్ట అయిపోతుంది.

4. లెక్కల్ని కలిపి చేయండి

ఒకే చాప్టర్ లెక్కలు వరసగా ఇరవై చేస్తే ఏ సూత్రం వాడాలో ముందే తెలిసిపోతుంది. ఎంసెట్ పేరు ఎప్‌సెట్‌గా మారినా, ఏ ప్రశ్న ఏ చాప్టర్‌దో పేపర్ మీద రాసివ్వరు. మూడు చాప్టర్లు కలిపి చేయండి.

5. చోటు, ఫోన్, నిద్ర

ఇంట్లో టీవీ మోత తప్పకపోతే లైబ్రరీకి వెళ్లండి. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో గ్రూప్స్‌కి చదివేవాళ్లు తల ఎత్తకుండా కూర్చుంటారు. వాళ్ల మధ్య కూర్చుంటే మనకూ సిగ్గేసి పేజీ తిరుగుతుంది. ఫోన్ సైలెంట్‌లో పెట్టడం కాదు, వేరే గదిలో పెట్టాలి. 25 నిమిషాలకు అలారం పెట్టుకుని, మోగాక 5 నిమిషాలు లేచి తిరగండి. రాత్రంతా మేలుకుని చదివే నైట్ అవుట్లు మానేయండి, చదివింది మెదడులో బాగా కుదురుకోవాలంటే నిద్ర కావాలి.

అమ్మానాన్నలకు ఒక మాట. “చదివావా?” అని అడిగితే “ఆ, చదివా” అనే వస్తుంది. “చూడకుండా రాసిన కాగితం చూపించు” అనండి.

నిన్న రాత్రి మా అమ్మాయి వాట్సాప్‌లో ఒక ఫొటో పంపింది. కిడ్నీలో రక్తాన్ని వడకట్టే నెఫ్రాన్ బొమ్మ, చూడకుండానే గీసిందట. రెండు చోట్ల ఎర్ర పెన్ను ఉంది. కింద “వీడియో కూడా చూశాలే పిన్నీ” అని రాసింది.